ఎనిమిదో గొట్టం

నీళ్లు మరిగేలోపల ఓబులేసు గుడ్డలు కత్తిరించడం ముగించాడు. తెల్ల ఫ్లానెల్ గుడ్డ. ఒక్కో ముక్క నాలుగు వేళ్ల పొడవు, రెండు వేళ్ల వెడల్పు. కొలబద్ద వాడడు. రెండు వేళ్లు ఆనించి కత్తెర నడుపుతాడు, నూలుపోగంత తేడా రాదు. ముక్క పెద్దదైతే తుపాకి గొట్టంలో ఇరుక్కుంటుంది, చిన్నదైతే గోడలకు తగలకుండా జారిపోతుంది. తుపాకికి మూడు చొప్పున ఎనిమిది తుపాకులకు ముక్కలు బల్లమీద పేర్చి, గాలికి కదలకుండా ఒక్కో పేర్పు మీద ఒక గులకరాయి పెట్టాడు.

ఆ గది పెనుకొండ కొండ అడుగున ఉంది. రాతిగోడలు, రేకుల కప్పు, ఒకే కిటికీ. కిటికీకి ఎదురుగా కాల్పుల మైదానం, యాభై గజాల అవతల ఇసుక మూటలు, వాటి వెనక కొండ. రైఫిల్ క్లబ్బు పెట్టి పదేళ్లయింది. హిందూపురం, ధర్మవరం నుంచి వ్యాపారస్తులు, వకీళ్లు, పొలాలున్నవాళ్లు ఆదివారం పొద్దున వచ్చి కాలుస్తారు, మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. కాల్చడం వాళ్ల పని. ఆ తర్వాతిదంతా ఓబులేసు పని.

ఆదివారం కాల్చారు. ఈ రోజు బుధవారం. అంటే మూడో రోజు.

ఈ రోజుల లెక్క అతనికి పటాలం నేర్పింది. నల్లమాడ దగ్గరి పల్లెబడిలో అయిదో తరగతి దాకా చదివి, బెంగుళూరు పోయి పటాలంలో చేరి, బర్మా అడవుల దాకా నడిచినవాడు. అప్పటివి పెద్ద తుపాకులు, త్రీనాట్‌త్రీలు. ఒక తమిళ హవల్దారు చెప్పాడు: కాల్చిన రోజు ఒకసారి, ఆ తర్వాత మూడు రోజులు, రోజుకొకసారి. తూటా పేలితే గొట్టంలో ఒక ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమ తాగుతుంది. నూనెకు అది కరగదు, ఉడుకునీళ్లకే కరుగుతుంది. కడిగినా మొదటి రోజే అంతా పోదు. మూడు రోజుల పాటు ఉక్కులోంచి చెమటలా ఊరుతూనే ఉంటుంది. ఒక్క రోజు వదిలితే తుప్పు, తుప్పు కింద గుంట. గుంట పడిన గొట్టానికి వైద్యం లేదు. ఈ మాట చెప్పి, సరిగా తుడవని సిపాయిని ఒకడిని ఎండలో రెండు గంటలు నిలబెట్టాడు హవల్దారు. ఓబులేసు ఎప్పుడూ ఎండలో నిలబడలేదు.

ఏడు గంటలకు దేవదాసు గుమ్మం ముందు ఆగాడు. పెనుకొండ స్టేషన్‌లో పోర్టరు. డ్యూటీకి పోతూ ఈ దోవనే పోతాడు. పొయ్యిమీద కుండను, గోడకు ఆనించిన తుపాకులను చూశాడు.

"ఏమన్నా, ఇంకా అయిపోలేదా వీటి స్నానాలు? నా పెండ్లాం నా బిడ్డకు గూడా ఇన్నితూర్లు నీళ్లు పొయ్యదు."

"నీ బిడ్డకు తుప్పు పట్టదులే."

"పడితే నీ కాడికే తోలిస్తా. ఆ గుడ్డలు తాడుకు కట్టి తుడుద్దువు."

ఓబులేసు నవ్వలేదు. దేవదాసు అతని నవ్వుకోసం ఎదురుచూసే అలవాటు ఎప్పుడో మానేశాడు. పండగ తిరుగు జనం ఎక్కువగా ఉన్నారని, పదకొండు గంటల బండిలో నిలబడడానికి కూడా చోటుండదని చెప్పి వెళ్లిపోయాడు.

పదకొండు బండి అన్న మాటకు ఓబులేసు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొదటి తుపాకి అందుకున్నాడు.

నిన్న విజయదశమి, మొన్న ఆయుధపూజ. తుపాకులన్నీ పసుపుగుడ్డ మీద వరుసగా పెట్టి, బంతిపూల దండలు వేసి, పూజ చేశారు. పూజలో పెట్టిన ఆయుధాన్ని దశమి పూజ అయ్యేదాకా కదిలించకూడదంటారు. ఓబులేసు కదిలిస్తాడు. ఏటా దండల కిందనుంచి ఒక్కోటీ తీసి, గొట్టం తుడిచి, నూనె పట్టించి, మళ్లీ దండ కిందకే తోస్తాడు. పూజారి గొట్టాలకు కుంకుమ బొట్లు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాడు, తుపాకి చెక్కపిడిమీద పెట్టుకోమంటాడు. ఉక్కుమీద నిమ్మకాయ పిండనివ్వడు. దేవికి కోపం వస్తుందని పూజారి ఒకసారి బెదిరించాడు. వస్తే తనమీద రానిమ్మన్నాడు ఓబులేసు, గొట్టంమీద రాకుంటే చాలన్నాడు.

ఈసారీ ఏడు తుపాకులను అట్లాగే తీసి తుడిచాడు. ఎనిమిదోదాన్ని మాత్రం ఆదివారం కాల్చింది కాల్చినట్టే దండ కింద వదిలేశాడు. పదేళ్లలో ఇది మొదటిసారి. మరిచిపోయి వదల్లేదు.

ఆదివారం బెంగుళూరు నుంచి ఒక కెప్టెన్ వచ్చాడు, క్లబ్బు సభ్యులకు కాల్చే పద్ధతి చూపించడానికి. ముప్పై దాటని మనిషి. ఎనిమిది గొట్టాలనూ వెలుతురుకు ఎత్తి చూసి, అద్దాల్లా ఉన్నాయని మెచ్చుకున్నాడు. తర్వాత ఉడుకునీళ్ల కుండ చూసి ఇదెందుకని అడిగాడు. ఓబులేసు లెక్క ఒప్పజెప్పాడు: కాల్చిన రోజు, ఆపైన మూడు రోజులు. కెప్టెన్ బల్లమీది తూటాల డబ్బా తీసుకుని, దాని పక్కమీద ఉన్న ఇంగ్లీషు వరస ఒకదాని కింద గోటితో గీశాడు.

"ఈ తూటాతో తుప్పు పట్టదని ఈడ రాసుండారు చూడప్పా. చిన్న తుపాకి తూటా ఇది. దీంట్లో ఆ ఉప్పు లేదు. కాల్చినాక ఒక గుడ్డ లాగి నూనె పూస్తే చాలు. ఉడుకునీళ్లు, మూడు దినాలు, అదంతా పాత త్రీనాట్‌త్రీకి."

"ఎప్పటినుంచి సార్ ఇట్లాంటివి?"

"నేను పుట్టకముందు నుంచే ఉండాయి. మీ క్లబ్బుకు ఎప్పటినుంచి వస్తాండాయో నాకు తెలీదు."

మంచి మాటే చెప్పాననుకుని కెప్టెన్ భుజం తట్టి వెళ్లాడు. సభ్యులు నవ్వారు, పదేళ్ల కట్టెలు వృథా అయ్యాయన్నారు. కట్టెలదేముంది.

ఆరేళ్ల కిందట ఒక సోమవారం, ఇదే బల్ల దగ్గర, పది గంటలప్పుడు దేవదాసు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఓబులేసు భార్య తిప్పమ్మ కడుపునొప్పితో ధర్మవరంలో తమ్ముడు రంగయ్య ఇంట్లో పడుకుని వారమైంది. ఆ పొద్దున ఆసుపత్రిలో చేర్చారు. రంగయ్య ధర్మవరం స్టేషన్‌లో పాయింట్స్‌మన్, స్టేషన్ ఫోనులో చెప్పించాడు: అక్క అడుగుతాంది, పదకొండు బండికి రా. ఓబులేసు బల్లవైపు చూశాడు. ముందురోజు ఎనిమిది తుపాకులూ కాల్చారు. రెండోసారి కడుగుడు ఇంకా మొదలు కాలేదు. కొండమీద వాన మబ్బు, గాలిలో తేమ. సాయంత్రం బండికి వస్తానని చెప్పమన్నాడు.

ఎనిమిదీ కడిగాడు, తుడిచాడు, నూనె పట్టించాడు. సాయంత్రం బండికి పోయాడు. తిప్పమ్మ మధ్యాహ్నం మూడింటికే పోయింది. చివరిదాకా గుమ్మంవైపే చూసిందట. రంగయ్య ఆమె కాలిమెట్టెలు రెండూ తెచ్చి బావ అరచేతిలో పెట్టాడు.

"తుడిచి పెట్టుకో. నీకు వచ్చిన పని అదే గదా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఓబులేసు ఆ మాటను మింగాడు. ఏడవలేదు, ఎవరినీ క్షమించమని అడగలేదు. అతని దగ్గర ఒక జవాబుంది. ఆ రోజు తను వెళ్లుంటే ఎనిమిది గొట్టాలు పాడయ్యేవి. నమ్మి అప్పజెప్పిన పని, తప్పని పని. మనిషి పోవడం ఘోరమే, అయినా పని తప్పనిదే. ఆరేళ్లు ఆ ఒక్క మాటమీద నిలబడి తిన్నాడు, నిలబడి నిద్రపోయాడు. కెప్టెన్ గోటితో గీసిన గీత సరిగ్గా ఆ మాట కిందనే పడింది.

ఇంకొకరి మాట వినే మనిషి కాదు అతను. కాగితాల మీద ఏమైనా రాస్తారు. నిజం గొట్టంలో ఉంటుంది. అందుకే ఎనిమిదోదాన్ని కడగకుండా వదిలాడు. మూడు రాత్రులు కొండమీంచి మంచు దిగింది, నిన్న ఒక జల్లు కూడా పడింది. ఉప్పు ఉంటే ఈపాటికి లోపల ఎర్రబారి ఉంటుంది. ఎర్రబారే ఉంటుందని అతనికి నమ్మకం.

మొదటి తుపాకి గొట్టాన్ని వెనక మూసే బోల్టు ఊడదీసి, గొట్టానికి గరాటు పెట్టి మరిగే నీళ్లు పోశాడు. నీళ్లు అవతలి కొసన సన్నటి ధారగా కారాయి. ఉక్కు వేడెక్కి తడి దానంతటదే ఆరిపోయింది. తాడు తీశాడు. దాని ఒక కొసన ఇత్తడి గుండు, ఇంకో కొసన గుడ్డ దూర్చే కన్ను. గుండు గొట్టంలో జారవిడిచి, కన్నులో గుడ్డ దూర్చి, ఒకే ఊపున లాగాడు. మధ్యలో ఆగకూడదు. గుడ్డ తెల్లగా వచ్చింది. నూనె గుడ్డ లాగి పక్కన పెట్టాడు. రెండోది. మూడోది. చేతులకు దోవ తెలుసు.

ఎనిమిదిన్నరకు భాస్కరయ్య వచ్చాడు. హిందూపురంలో బట్టల అంగడి ఉంది, క్లబ్బుకు కార్యదర్శి. పూజ పీట ఎత్తించి, దండలు తీయించే పని అతనిది. ఎండిపోయిన దండలు బుట్టలో వేసుకుంటూ పొయ్యివైపు చూశాడు.

"ఏమప్పా ఓబులేసూ, కెప్టెన్ అంత విడమరిచి చెప్పినా నువ్వు ఆ కుండ దించవా?"

"కెప్టెన్ వచ్చినాడు, పోయినాడు సెట్టిగారా. గొట్టాలు ఈడనే ఉండాయి."

"పట్టుదల మనిషివి. నా అంగట్లో నీలాంటోడు ఒకడుంటే గుడ్డలో చెదపురుగు కూడా అడిగి లోపలికొచ్చేది." తన మాటకు తనే నవ్వుకున్నాడు.

ఓబులేసు తాడు చుట్టుకుంటూ, ఎటో చూస్తూ అడిగాడు. మనకీ తూటాలు ఎప్పటినుంచి వస్తున్నాయి, మొదట్లో వచ్చినవి వేరేవి కదా అన్నాడు. భాస్కరయ్య బుట్టలో దండలు అదిమాడు. మొదటినుంచీ మద్రాసులో అదే అంగడి అని, అప్పట్లో డబ్బా ఆకుపచ్చగా ఉండేదని, ఇప్పుడు పసుపుపచ్చగా వస్తోందని, లోపలి సరుకు సంగతి తనకు గుర్తులేదని చెప్పాడు. బస్సు వేళయిందని బుట్ట తీసుకుని వెళ్లాడు.

డబ్బా మారింది. అయితే సరుకూ మారి ఉండాలి. ఓబులేసుకు గుండె కుదుటపడింది. నాలుగో తుపాకి కోసం చెయ్యి చాపాడు. చెయ్యి నాలుగోదాన్ని దాటిపోయి ఎనిమిదోదాన్ని పట్టుకుంది. పదేళ్లలో వరస తప్పడం కూడా ఇదే మొదలు.

దానిమీద ఇంకా రెండు బంతిరేకులు అంటుకుని ఉన్నాయి. ఊదేశాడు. బోల్టు తీశాడు. నీళ్లు పోయలేదు. పోస్తే సాక్ష్యం కడిగేసినట్టవుతుంది. తాడు జారవిడిచి, మొదటి గుడ్డ దూర్చి లాగాడు.

నల్లగా వచ్చింది. మసి, తూటాకు పూసిన మైనం. ఇది ఉండేదే. దానిలో ఎరుపు కోసం చూశాడు. తుప్పు ఎరుపు అతనికి బాగా తెలుసు, ఇటుకపొడిలా గుడ్డ అంచున గీతగా పడుతుంది. కిటికీ దగ్గరికి పోయి గుడ్డ విప్పి చూశాడు. చూపుడువేలితో రుద్దాడు. వేలు నల్లబడింది. ఎరుపు లేదు.

రెండో గుడ్డ బూడిదరంగులో వచ్చింది. మూడోది తెల్లగా.

తుపాకి ఎత్తి, గొట్టాన్ని కిటికీకి గురిపెట్టి కన్ను ఆనించాడు. లోపల ఉక్కులో చెక్కిన గాడులు మెలికలు తిరుగుతూ వెలుతురు దాకా పోయాయి. ఎక్కడా మచ్చ లేదు, గుంట లేదు. కొత్త గొట్టంలా మెరుస్తోంది. కడిగిన మూడింటిలో ఒకటి తీసి, అందులోనూ చూశాడు. తేడా లేదు. మళ్లీ ఎనిమిదోదానిలో చూశాడు. కన్ను నీరు కారేదాకా చూశాడు. అది చూపు అలసట వల్ల వచ్చిన నీరే. అతను తుడుచుకుని తుపాకి దించాడు.

ఈ తూటాల సంగతి తేలింది. పసుపు డబ్బావి. ఆకుపచ్చ డబ్బావి వేరే.

గోడగూట్లో వెనక్కి ఒక ఆకుపచ్చ డబ్బా ఉంది. ఆరేళ్ల కిందట, ఆ సోమవారానికి ముందురోజు ఖాళీ అయిన డబ్బా. ధర్మవరం నుంచి తిరిగి వచ్చిన రోజు బల్లమీద అదే కనబడితే, అందులో దూది పరిచి, నూనె చుక్క వేసి, మెట్టెలు పెట్టాడు. నెలకొకసారి తీసి తుడుస్తాడు. వెండి నల్లబడలేదు. ఆ డబ్బా ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. దానిమీద ఏం రాసుందో ఎవరినీ చదవమనీ అడగలేదు.

ఇప్పుడూ అడగడు. ఇంగ్లీషు రాకపోయినా కళ్లున్నాయి.

రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టాడు. పసుపుదానిమీద కెప్టెన్ గోటి గీత ఇంకా కనబడుతోంది. గీత మీద వరస: రెండు నిలువు కర్రలు, మధ్యలో ఏటవాలు కర్ర. తర్వాత సున్న. తర్వాత మళ్లీ మొదటిదే. ఆపైన ఒక చిన్న అడ్డగీత. అడ్డగీత తర్వాత ఏడు అక్షరాలు. వాటి రూపాలు ఒకటొకటిగా కళ్లలో నిలుపుకున్నాడు. పల్లెబడిలో పలకమీద అక్షరాలు దిద్దినట్టు, వేలితో గాలిలో గీసుకున్నాడు.

ఆకుపచ్చ డబ్బా తిప్పాడు. మూతమీద లేదు. ఒక పక్కన లేదు. రెండో పక్కన లేదు. ఊపిరి వదిలాడు. అడుగు తిప్పాడు.

నిలువు కర్రలు రెండు, మధ్యలో ఏటవాలు కర్ర. సున్న. మళ్లీ మొదటిదే. అడ్డగీత. ఏడు అక్షరాలు.

వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాడు. అక్కడ పది అక్షరాలు, ఒక గీత. ఇక్కడ పది, ఒక గీత. ఒక్క కర్ర కూడా తేడా లేదు.

కుండలో నీళ్లు బుడబుడమని మరుగుతున్నాయి. గోడ గడియారం పది దాటి ఇరవై నిమిషాలు చూపిస్తోంది. ఓబులేసు కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని తెలుసు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి ఆర్పాడు. మెట్టెలు తీసి పంచె కొంగులో ముడివేశాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తుపాకుల గది కాబట్టి, తాళం వేశాడు.

స్టేషన్‌కు మైలున్నర. ఎప్పటిలాగే నిటారుగా, ఒకే తీరున నడిచాడు. దోవలో పలకరించినవాళ్లకు తల ఊపాడు. ప్లాట్‌ఫారం మీద పండగ జనం, మూటలు, ముంతలు. దేవదాసు ఒక ట్రంకుపెట్టె దించి నడుం నిమురుకుంటూ అతన్ని చూశాడు.

"యాడికన్నా?"

"ధర్మవరం."

దేవదాసు అతని చేతులవైపు చూశాడు. వేళ్లకు మసి ఉంది. ఓబులేసు మసి చేతులతో బయటికి రావడం అతను ఎప్పుడూ చూడలేదు.

"తుపాకులు అయిపోయినాయా?"

"లేదు. నాలుగు మిగిలినాయి."

"మరి?"

"వాటికి తొందర లేదు." తాళంచెవి తీసి దేవదాసు చేతిలో పెట్టాడు. "సెట్టికి ఇయ్యి. నీళ్లు కాంచే పని లేదని చెప్పు. కాల్చినాక ఒక గుడ్డ, నూనె. ఎవరైనా చేస్తారు."

"నువ్వు ఎప్పుడొస్తావు?"

బండి కూత వేసింది. హిందూపురం వైపు నుంచి పొగ కనబడింది. ఓబులేసు ఆ పొగనే చూస్తూ మాట్లాడాడు.

"రంగయ్యకు ఒక మాట చెప్పాల. ఆ పొద్దు నేను వచ్చిండొచ్చునని."

ఆ సోమవారం పరుగెత్తి కబురు తెచ్చింది దేవదాసే. తాళంచెవి జేబులో వేసుకుని, బండి ఆగగానే జనాన్ని తోసి, రైలుపెట్టె గుమ్మంలో ఒక మనిషి నిలబడేంత చోటు చేశాడు. ఓబులేసు ఎక్కాడు. బండి ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేకుండా కదిలింది. సరైన వేళకు పోయే బండి అది, ఆ రోజు కూడా సరైన వేళకే పోయింది.

గదిలో కుండ నెమ్మదిగా చల్లబడింది. నాలుగు తుపాకులు గోడకు ఆనుకుని, వాటి ముందు పన్నెండు తెల్లగుడ్డలు గులకరాళ్ల కింద అట్లాగే ఉన్నాయి. బల్లమీద ఆకుపచ్చ డబ్బా మూత తెరిచి ఉంది, లోపల నూనె తాగిన దూదిలో, రెండు మెట్టెలు ఆరేళ్లు ఒత్తుకుని చేసిన గుండ్రటి గుంటలు రెండు.